ఎండను మాకు అమ్మినవారికి ఒక బహిరంగ లేఖ

రామమూర్తినగర్, బెంగళూరు

వర్టికల్ ఫార్మింగ్ (అరల మీద అరలుగా, నిలువుగా పంట పెంచే పద్ధతి) శిక్షణలు ఇస్తూ, దానికి కావలసిన సామగ్రి యూనిట్లు బిగించి ఇస్తూ, పండినదంతా మేమే కొంటామని రాసిస్తున్న సంస్థల నిర్వాహకులకు,

అయ్యా, అమ్మా,

నమస్కారం.

మీలో ఒకరికి నేను రెండు రిజిస్టర్డు ఉత్తరాలు, ఒక లాయరు నోటీసు పంపాను. ఉత్తరాలు అందినట్టు సంతకాలు వచ్చాయి, జవాబు రాలేదు. నోటీసు కవరు విప్పకుండానే తిరిగొచ్చింది, ఈ చిరునామాలో ఎవరూ లేరని దాని మీద రాత. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. రాస్తే మిగతావాళ్లంతా 'అది వాళ్ల గొడవ' అని పక్కకు తప్పుకుంటారు. నేను అడగబోయేది మీ అందరినీ.

మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. నాన్న టమాటా పండించాడు, తమ్ముడు ఇంకా పండిస్తున్నాడు. నేను ముప్పై రెండేళ్లు కరెంటు శాఖలో చేసి, ఏఈగా రిటైరై, కొడుకూ కోడలూ ఇక్కడుంటే వచ్చి చేరాను. మొక్క తెలియనివాణ్ని కాదు, కరెంటు తెలియనివాణ్ని అంతకన్నా కాదు. అయినా 4 లక్షల 80 వేలు మీ మాట మీద పెట్టాను. ఈ వయసులో ఇది నలుగురిలో చెప్పుకోవడం సిగ్గుగానే ఉంది. మాతోపాటు అదే బ్యాచ్‌లో యూనిట్లు కొన్న కుటుంబాలు ఇంకో పదకొండు ఉన్నాయి కాబట్టి చెబుతున్నాను.

2023 ఆగస్టులో, మారతహళ్లిలో ఒక హోటల్ హాల్లో, రెండు రోజుల శిక్షణ. తలకు ఆరు వేలు, భోజనం కలిపి. హాల్లో సగానికి పైగా మనవాళ్లే, కడప, అనంతపురం, చిత్తూరు, నెల్లూరు మనుషులు. పాఠం చెప్పిన అబ్బాయిది మంచి తెలుగు. అన్నా, అక్కా, పెద్దాయనా అంటూ అందరినీ కలిపేసుకున్నాడు. అంతకు ముందు నెలలోనే టమాటా కిలో 150 దాటి దేశమంతా గగ్గోలు పెట్టింది. ఆ పేపర్ కటింగుతోనే మొదలుపెట్టాడు. ఎండతో పనిలేకుండా, వానతో పనిలేకుండా, మందు కొట్టకుండా వీధి చివరే పండించుకుంటే ఈ బాధ ఉంటుందా అన్నాడు. అందరం తలలూపాం. తీరా బిగించి ఇచ్చింది లెట్యూస్ అనే సలాడ్ ఆకు పెంచే అరలు. టమాటా ధర చూపించి లెట్యూస్ అరలు అమ్మారన్న సంగతి నాకు ఆ రోజు తట్టలేదు. ఫోన్లో మా తమ్ముడు నవ్వినప్పుడు తట్టింది.

తర్వాతి స్లైడు అమెరికాలోని నెవార్క్‌ది. పాత ఉక్కు ఫ్యాక్టరీలో అంతస్తుల మీద అంతస్తులుగా పచ్చటి ఆకు, పేరు ఏరోఫార్మ్స్. రేపటి వ్యవసాయం ఇదేనన్నాడు. ఆ ఫొటో మాకు చూపించడానికి రెండు నెలల ముందే, 2023 జూన్‌లో, ఆ కంపెనీ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెళ్లింది. తర్వాత అందులోంచి బయటపడింది, అది వేరే సంగతి. బెర్లిన్‌లో పుట్టిన ఇలాంటి కంపెనీయే ఇన్‌ఫార్మ్ 2022 నవంబరులోనే సగం మందికి పైగా ఉద్యోగులను తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ తర్వాత అమెరికాలోనే ఇలాంటి ఇంకో రెండు కంపెనీలు: 2024 నవంబరులో బవరీ ఫార్మింగ్ మూతపడింది, 2025 మార్చిలో ప్లెంటీ దివాలా పిటిషను వేసింది. కోట్ల డాలర్లు వెనకున్నవాళ్లే తట్టుకోలేకపోయిన పనిని, పెన్షను మీద బతికేవాడి చేత చేయించేటప్పుడు ఈ సంగతి ఒక్క స్లైడులో అయినా ఉండాలా వద్దా?

మాకు జరిగినది వరసగా రాస్తున్నాను.

1. కరెంటు.

మా యూనిట్‌లో రెండు భాగాలు. ఒకటి మిద్దె మీద షేడ్‌నెట్ కింద: నిలువు స్టాండ్లు, కొబ్బరిపొట్టు సంచులు, డ్రిప్పు. రెండోది కింద అద్దె గదిలో ఎల్‌ఈడీ దీపాల కింద: పైపుల్లో పలచగా పోషకాల నీళ్లు పారే ఎన్‌ఎఫ్‌టీ పద్ధతి. మిద్దె మీదది మామూలుది, గదిలోదే అసలైన టెక్నాలజీ అన్నారు. ధర కూడా దానికే ఎక్కువ. ఉద్యోగంలో రీడింగులు రాసిన అలవాటు పోలేదు, రెండింటికీ విడిగా సబ్‌మీటర్లు పెట్టి రోజూ నోటుపుస్తకంలో రాస్తూ వచ్చాను.

గదిలో నాలుగు అరలు, ఒక్కోదానికి నాలుగు అంతస్తులు, మొత్తం 16 చదరపు మీటర్ల సాగు. చదరపు మీటరుకు 100 వాట్ల దీపాలు, రోజుకు 16 గంటలు. రోజుకు పాతిక యూనిట్ల కరెంటుకు పైమాట, నెలకు 768. బాగా పండిన నెలలో వచ్చిన లెట్యూస్ 52 కిలోలు. అంటే కిలో ఆకుకు దాదాపు 15 యూనిట్లు, ఒట్టి వెలుగుకే. మాకు కనెక్షన్ కమర్షియల్ కింద వచ్చింది, ఫిక్స్‌డ్ చార్జీలు కలిపితే యూనిట్ తొమ్మిది రూపాయలు పడింది. కిలోకు 130 రూపాయలకు పైగా కరెంటుకే. మీరు రాసిచ్చిన కొనుగోలు ధర 180. ఆ మిగిలిన కొంచెంలోంచే విత్తనాలు, పోషకాలు, స్పాంజీలు, గది అద్దె, మా ఇద్దరి చాకిరీ.

ఎండాకాలం వచ్చేసరికి ఆ మిగిలిందీ పోయింది. దీపాలు తాగిన కరెంటంతా చివరికి గదిలో వేడిగానే తేలుతుంది. ఆ వేడిని బయటికి తోలడానికి ఏసీ, దానికి రోజుకు ఇంకో 12 యూనిట్లు. కిలోకు 21 యూనిట్లు దాటింది. కరెంటు బిల్లే మీ కొనుగోలు ధరను మించిపోయింది. ఇక ఆకు ఎంత ఎక్కువ పండితే అంత ఎక్కువ నష్టం.

ఇది చెబితే మీ మనిషి ఏమన్నాడో తెలుసా? మీరు చిన్నగా ఆలోచిస్తున్నారు సార్, రేపు వరి కూడా ఇలాగే పండుతుంది అన్నాడు. సరే, లెక్క కడదాం. కిలో బియ్యంలో ఉండే శక్తి దాదాపు నాలుగు యూనిట్లు. మొక్క తన మీద పడ్డ వెలుగులో నూటికి అయిదు పాళ్లు దాచుకుంటే గొప్పే, కాబట్టి 80 యూనిట్ల వెలుగు కావాలి. గింజకు పోయినంత గడ్డికీ పోతుంది, కాబట్టి 160. దీపం తీసుకున్న కరెంటులో సుమారు సగమే వెలుగవుతుంది, కాబట్టి 300కు పైనే. కర్ణాటక ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద ఇంటికి నెలకు వచ్చే ఉచిత కరెంటు ఎక్కువలో ఎక్కువ 200 యూనిట్లు. ఒక కుటుంబానికి నెలన్నర దీపం, ఫ్యాను, మిక్సీ నడిచే కరెంటుతో కిలో బియ్యం! గోధుమ మీద ఇలాంటి లెక్కే 2020లో శాస్త్రవేత్తలు వేశారు. హెక్టారు స్థలంలో పది అంతస్తులు కడితే ఏడాదికి 700 టన్నుల నుంచి 1,940 టన్నుల దాకా పండవచ్చన్నారు. కరెంటు ఖర్చు వల్ల అది మార్కెట్లో నిలిచేలా లేదనీ అన్నారు. మీ స్లైడులో మొదటి వాక్యం ఒక్కటే ఉంది.

2. ఎండ.

మన ఊళ్లో మిద్దె మీద చదరపు మీటరుకు సగటున రోజుకు అయిదు యూనిట్ల ఎండ పడుతుంది. సగం ఆపే షేడ్‌నెట్ కట్టినా, ఆకుకూరకు అందే వెలుగు మీ దీపాల కింద అందేదానికన్నా తక్కువ కాదు. దీనికి బిల్లు లేదు.

వర్టికల్ ఫార్మింగ్ ఆలోచనను ప్రచారంలోకి తెచ్చిన డిక్సన్ డెస్పోమియే పేరు మీరు ప్రతి శిక్షణలో తలుస్తారు. కొలంబియా యూనివర్సిటీలో 1999లో ఆయన విద్యార్థులు మొదట లెక్క కట్టింది మిద్దెతోటలనే. న్యూయార్కులోని మాన్‌హట్టన్ మిద్దెలన్నీ కలిపినా నూటికి ఇద్దరికి మించి తిండి పెట్టలేమని తేలాకే, అయితే భవనం లోపలికే తీసుకెళ్దాం అనే ఆలోచన వచ్చింది. అక్కడ ఏటా మంచు కురుస్తుంది. ఆ ఊరి వైద్యాన్ని ఈ ఊరి మనిషికి రాస్తున్నప్పుడు నాడి చూడాలి కదా.

సోలార్ పలకలు పెట్టుకుంటే కరెంటు ఉచితమే అన్నారు మీలో కొందరు. పలక ఎండలో అయిదో వంతును కరెంటుగా మారుస్తుంది. ఒక చదరపు మీటరు అరకు రోజుకు 1.6 యూనిట్లు కావాలంటే, తరుగు పోను, రెండు చదరపు మీటర్ల పలక కావాలి. నాలుగు అంతస్తుల అరకు ఎనిమిది. నిలువుగా పెంచి ఆదా చేశామన్న స్థలం రెండింతలై పలకల కింద పోయింది. అదే మిద్దె మీద తిన్నగా తోటకూర చల్లితే సరిపోయేది.

దూరం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కూరగాయ వేల కిలోమీటర్లు ప్రయాణించి మన పళ్లెంలోకి వస్తోందని మీ స్లైడు. అది కాలిఫోర్నియా నుంచి న్యూయార్కుకు వెళ్లే ఆకు కథ. మనకు హొసకోటె, మాలూరు, ఆనేకల్, చిక్కబళ్లాపుర నుంచి సాయంత్రం కోసిన సొప్పు (ఆకుకూర) తెల్లారకముందే కె.ఆర్. మార్కెట్లో దిగుతుంది. మదనపల్లె టమాటాకైనా నూటిరవై కిలోమీటర్ల దారి.

3. కరెంటు పోయిన రోజు.

2024 ఏప్రిల్ 28న బెంగళూరులో 38.5 డిగ్రీల ఎండ కాసింది. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. నాలుగున్నర గంటలు కరెంటు లేదు. మీరిచ్చిన ఇన్వర్టర్ రెండు గంటలకు చేతులెత్తేసింది. పంపు ఆగితే ఎన్‌ఎఫ్‌టీ పైపులో నీటి పొర నిమిషాల్లో జారిపోతుంది. వేళ్లకు మట్టి లేదు, కొబ్బరిపొట్టు లేదు, ఏ ఆధారమూ లేదు. మా ఆవిడ, నేను మగ్గులతో పైపుల్లో నీళ్లు పోస్తూ కూర్చున్నాం. సాయంత్రానికి వెయ్యి మొక్కలు తడిగుడ్డల్లా వాలిపోయాయి. వాటిలో సగం లేవలేదు, లేచినవి చేదెక్కాయి. ముప్పై రెండేళ్లు కరెంటు పోయిన ప్రతిసారీ జనం నన్ను తిట్టారు. ఆ రోజు ఎండలో స్తంభమెక్కిన లైన్‌మ్యాన్‌ను నేను తిట్టుకున్నాను. తర్వాత వెళ్లి మజ్జిగ ఇచ్చి వచ్చాననుకోండి.

మిద్దె మీద కొబ్బరిపొట్టులో ఉన్న తోటకూర మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడే ఉంది.

4. నీళ్లు.

పొలంతో పోలిస్తే ఈ పద్ధతిలో లెట్యూస్‌కు నీళ్లు తొంభై శాతం దాకా ఆదా అవుతాయన్నది నిజం. ఆ మాట ఒప్పుకుంటాను. కాని మా బోరు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 1,100. మీ పోషకాల లెక్క 150 లోపు నీళ్లకు. కాబట్టి ఆ లవణాలు తీసేసే ఆర్‌ఓ యంత్రం పెట్టించారు. రెండు బిందెలు పోస్తే ఒక బిందె మొక్కకు, ఒక బిందె మోరీకి. మూడు వారాలకోసారి టాంకులో ఉప్పు పేరుకుంటే ద్రావణమంతా పారబోయాలి. నైట్రేటు, ఫాస్ఫేటు నిండిన ఆ నీళ్లు ఎక్కడ పోయాలని అడిగితే డ్రైనేజీలో పోయండి అన్నారు. బెళ్లందూరు చెరువు నురగ రోడ్డెక్కి కార్ల మీద పడిన ఊరిది.

2024 మార్చి ఎలా గడిచిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఊళ్లో దాదాపు 14 వేల ప్రభుత్వ బోర్లుంటే సగం ఎండిపోయాయి. తాగే నీళ్లతో తోటలు తడిపినా, కారు కడిగినా 5 వేల జరిమానా అన్నారు. మా వీధిలో ఆడవాళ్లు ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి నిలబడితే, మా ఆర్‌ఓ గొట్టంలోంచి నీళ్లు మోరీలోకి పోతున్నాయి. ఎదురింటావిడ ఏమీ అనలేదు, చూసిందంతే. ఆ రాత్రే ఆర్‌ఓ ఆపేశాను. ఆ నెల పంట అలా పోయింది.

5. కొంటామన్న మాట.

అన్నిటికన్నా ఎక్కువ మందిని ముంచింది ఇదే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మూడేళ్లు, కిలో 180, పండినదంతా. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఇంగ్లీషులో. 2024 జనవరిలో మొదటి కోతకు వ్యాను వచ్చింది, 180 లెక్కన డబ్బు పడింది. ఆ రసీదు ఫొటో మీ తర్వాతి శిక్షణలో స్లైడై కూర్చుందని తెలిసింది. రెండో కోతకు 'గ్రేడ్ బి' అని 120. మూడోదానికి 60. జూన్‌లో వ్యాను రాలేదు. ఫోను చేస్తే మొదట నీళ్లు నమిలారు, తర్వాత ఎత్తడం మానేశారు. ఆఫీసుకు వెళ్తే షట్టరు వేసి ఉంది, పక్క టీకొట్టాయన 'మీరు ఈ వారంలో ఏడో మనిషి సార్' అన్నాడు.

నేనే హోటళ్ల చుట్టూ తిరిగాను. వాళ్లకు వారానికి రెండు వందల కిలోలు ఒకే సైజులో, ఏడాది పొడుగునా కావాలట. డబ్బు 45 రోజులకు. నెలకు యాభై కిలోలు పండించేవాడితో వాళ్లకేం పని? పైగా అదే హోటల్ గుమ్మంలో మా బ్యాచ్ కుర్రాడు ఇంకొకడు అదే లెట్యూస్ డబ్బాతో ఎదురుపడ్డాడు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వాం, ఏడవలేక. మా గేటు ముందుకు రోజూ 'సొప్పు, సొప్పు' అని అరుస్తూ వచ్చే అమ్మకు పది కట్టలు ఊరికే ఇచ్చాను. మర్నాడు ఎనిమిది తిరిగి తెచ్చింది. దీన్ని ఎలా వండాలి అని అడిగితే ఏం చెప్పాలి సార్ అంది.

పన్నెండు కుటుంబాల్లో ఒకామె టైలరు, నగలు కుదువపెట్టి కట్టింది, వడ్డీ ఇప్పటికీ కడుతోంది. ఒకాయన సెక్యూరిటీ గార్డు, పీఎఫ్ తీసి పెట్టాడు. ఉద్యోగం పోయి, ఇదే ఉపాధి అనుకుని బ్యాంకులో పర్సనల్ లోను తీసుకున్న కుర్రాడొకడు. ఆ లోనుకు సగం సబ్సిడీ వస్తుందని మీ మనిషి చెప్పాడట, ఏ పథకం కిందో కాగితం మాత్రం చూపించలేదు. నాకు పెన్షనుంది, కొడుకున్నాడు. వాళ్లకు?

ఒక ప్రశ్న. జనవరిలో మాకు ఇచ్చిన 180 రూపాయలు ఆకు అమ్మగా వచ్చినవా, లేక మా తర్వాత బ్యాచ్ వాళ్లు యూనిట్ల కోసం కట్టిన డబ్బులోంచి తీసినవా? నా దగ్గర రుజువు లేదు. అందుకే ఆరోపణగా రాయడం లేదు, అడుగుతున్నాను. మీ లెక్కల పుస్తకంలో జవాబు ఉంటుంది.

6. బరువు.

లీటరు నీళ్లు కిలో. వెయ్యి లీటర్ల టాంకు టన్ను. మనుషులు ఎక్కి తిరిగే మామూలు మిద్దెకు చదరపు మీటరు మీద 150 కిలోల భారం లెక్కన డిజైన్ చేస్తారు. మిద్దె చూడటానికి మీరు పంపింది సేల్స్ కుర్రాణ్ని. కాలితో రెండుసార్లు తొక్కి స్ట్రాంగుగా ఉంది అంకుల్ అన్నాడు.

ఇంత రాశాక నేను ఈ పనికే వ్యతిరేకినని మీరు అనుకోవచ్చు. కాదు. గది ఖాళీ చేసి దీపాలు పాత సామాను కింద అమ్మేశాను, మిద్దె మాత్రం నడుస్తోంది. లెట్యూస్ తీసేసి తోటకూర, పాలకూర, మెంతి, సబ్బసిగె (సోయికూర) వేశాం. హెసరఘట్టలోని ఐఐహెచ్‌ఆర్ (భారత ఉద్యాన పరిశోధన సంస్థ) వాళ్లు ఇలాంటి మిద్దెల కోసమే అర్క పేరుతో నిలువు తోట స్టాండు తయారుచేశారు: దీపాలు లేవు, ఎండ, కొబ్బరిపొట్టు, డ్రిప్పు అంతే. కోసిన కొద్దీ చిగురించే అర్క సుగుణ తోటకూర కూడా వాళ్లదే. మీ శిక్షణ జరిగిన హాలు నుంచి హెసరఘట్టకు ఒక పూట ప్రయాణం. రెండు రోజుల పాఠంలో ఆ పేరు ఒక్కసారీ వినపడలేదు. మట్టి లేని సాగు ఈ దేశానికి కొత్తదీ కాదు. 1946లోనే షోల్టో డగ్లస్ అనే ఆయన బెంగాల్‌లోని కాలింపాంగ్ ప్రాంతంలో చవక తొట్లతో చేసి చూపించాడు. దాన్ని 'బెంగాల్ పద్ధతి' అనేవారు. ఉన్నవాళ్ల కోసం కాదు, లేనివాళ్ల కోసం చేసిన పని అది.

ఇప్పుడు మా సొప్పమ్మ రోజు విడిచి రోజు మా మిద్దె నుంచి ముప్పై కట్టలు తీసుకెళ్తుంది. ఎలా వండాలని ఎవరూ అడగరు. మురుగు చెరువు నీళ్లతో పెరగని ఆకు అని వీధిలో కావాలని అడిగి కొంటున్నారు. దీని మీద మేడలు కట్టలేం. నెలకు మూడు, మూడున్నర వేలు మిగులుతాయి, అంతే. మీరు శిక్షణలో చెప్పిన లక్ష ఆదాయానికీ దీనికీ పోలిక లేదు, కానీ ఇది నిజంగా చేతికొచ్చిన డబ్బు. ఊరికంతా అన్నం పెడతామనే మాట ఈ మిద్దెలు కూడా అనలేవు. ఆకుకూర వరకు, కొంత వరకు, అనగలవు. వడ్లు, కందులు, టమాటా పొలంలోనే పండాలి. మన వాడుక నీళ్లు శుద్ధి అయి 2018 నుంచి కోలారు చెరువులకు వెళ్తున్నాయి, ఆ జిల్లా నుంచే మనకు కూరలొస్తున్నాయి. ఊరికీ పల్లెకూ ఇప్పటికే ఉన్న ఆ ముడిని గట్టి చేస్తే, మీరు కట్టబోయే పది అంతస్తుల కన్నా ఎక్కువమందికి కూర దొరుకుతుందని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోవచ్చు.

ఇక మేము అడిగేవి:

అ) యూనిట్ అమ్మే ముందు, కిలో ఆకుకు ఎన్ని యూనిట్ల కరెంటు పడుతుందో, ఏసీతో సహా, నడుస్తున్న యూనిట్ల ఏడాది బిల్లులు జతచేసి రాతలో ఇవ్వండి. డెమో గది బిల్లులు కాదు, కొన్నవాళ్లవి.

ఆ) పంట కొంటామని రాసిస్తే ఆ ఒప్పందం కొనేవాడు చదవగలిగే భాషలో, తెలుగులోనో కన్నడలోనో, ఉండాలి. కనీసం ఆరు నెలల కొనుగోలుకు సరిపడా డబ్బుకు బ్యాంకు గ్యారంటీ పెట్టండి. 'గ్రేడ్' అంటే ఏమిటో సైజుతో, బరువుతో ముందే రాయండి. ఈ పని చేయలేకపోతే బై-బ్యాక్ అనే మాట బోర్డుల మీద నుంచి తీసేయండి.

ఇ) కొనేవాడి బోరు నీళ్లు ముందు పరీక్ష చేయించండి. ఆర్‌ఓ వృథాను కలిపి నీటి లెక్క చెప్పండి. వాడేసిన ద్రావణాన్ని ఏం చేయాలో శిక్షణలో నేర్పండి.

ఈ) మిద్దె మీద బిగించే ప్రతి యూనిట్‌కు స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం ఉండాలి. ఆ ఫీజు మీదే.

ఉ) పథకం పేరు, ఆదేశం కాపీ చూపించకుండా సబ్సిడీ అనే మాట ఎత్తకండి.

ఊ) మా పన్నెండు కుటుంబాల దగ్గర మిగిలిన ఎల్‌ఈడీ అరలు వెనక్కి తీసుకుని, తరుగు పోను డబ్బు ఇప్పించండి. అమ్మిన సంస్థ కనపడకుండా పోయినా, ఆ సంస్థకు అరలు తయారుచేసి ఇచ్చినవాళ్లు, దాని శిక్షణల్లో అతిథులుగా వేదికెక్కి పొగిడినవాళ్లు మీలో ఉన్నారు. పేర్లు మాకు తెలుసు, మీకూ తెలుసు. ముందు నగలు కుదువపెట్టిన టైలరమ్మ డబ్బుతో మొదలుపెట్టండి, నాది చివర చూసుకుందాం.

మీరు వ్యాపారం కోసం కొన్నారు, మీరు వినియోగదారులు కారు అని మీ లాయరు ఒకసారి ఫోన్లో అన్నాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంకో మాట కూడా అంటుంది: స్వయం ఉపాధితో కేవలం బతుకుతెరువు కోసం కొన్నది వాణిజ్య ప్రయోజనం కిందికి రాదు. కుదువ పెట్టిన నగల రసీదు, లోను కాగితాలు ఆ సంగతి చెప్పడానికి సరిపోతాయని మా లాయరు నమ్మకం.

ఈ లేఖ చదివే తెలుగువాళ్లకు ఒక్క మాట. ఆదివారం ఏ హాల్లోనైనా ఇలాంటి శిక్షణకు కూర్చుంటే, లక్షల మాట వచ్చినప్పుడు చెయ్యెత్తి 'కిలోకు ఎన్ని యూనిట్లు?' అని అడగండి. జవాబు వచ్చేదాకా చెయ్యి దించకండి.

మా మీటర్ రీడింగుల పుస్తకం, బిల్లులు, ఒప్పందం కాపీలు మా మిద్దె మీద ప్రతి ఆదివారం పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా ఎవరైనా చూడొచ్చు, మీరు కూడా. రావడానికి మొహమాటపడకండి, కాఫీ ఇస్తాం. సంక్రాంతి వరకు మీ జవాబు కోసం చూస్తాం. పండగ వెళ్లిన సోమవారం పన్నెండు కుటుంబాల కాగితాలూ ఒకే కట్టగా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కరెంటు ఉద్యోగి,
పన్నెండు కుటుంబాల తరఫున